నొప్పికి మైక్రోకరెంట్ వాడేటప్పుడు
మొదటే చెప్తున్నా, మైక్రోకరెంట్ మెషిన్ (ప్యాడ్‌ల ద్వారా ఒంట్లోకి చాలా చిన్న కరెంట్ పంపేది) ఆన్ చేశాక ఏమీ తెలియకపోతే మెషిన్ పాడైందని టెన్షన్ పడకండి. టెన్స్ మెషిన్ (నొప్పికి కరెంట్ ఇచ్చే ఇంకో రకం మెషిన్) మిల్లీయాంప్స్‌లో పనిచేస్తుంది కాబట్టి జివ్వుమంటుంది, మైక్రోకరెంట్‌లో వచ్చేది 1000 మైక్రోయాంప్స్ లోపే, అంటే ఒక మిల్లీయాంప్ కూడా ఉండదు, అంత తక్కువ కరెంట్ చర్మానికి తెలియదు. అందుకే పెంచుకుంటూ పోవద్దు. 1982లో ఎలుకల చర్మంపై చేసిన ప్రయోగంలో 500 మైక్రోయాంప్స్ వరకు కణాల్లో ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే పదార్థం) పెరిగింది, 1000 దాటాక ఆ లాభం తగ్గిపోయింది.

చర్మం శుభ్రంగా తుడిచి, నొప్పి ఉన్న చోటు మధ్యలోకి వచ్చేలా ప్యాడ్‌లు అటొకటి ఇటొకటి అంటించండి. ఎండిపోయిన ప్యాడ్‌లు వాడితే దండగే.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి వెళ్లొద్దు. మెడ ముందు భాగంలో, కళ్లపై పెట్టొద్దు. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులు ఎన్నాళ్లైనా తగ్గని జబ్బు) లాంటి మొండి జబ్బులకు ఆధారాలు ఇంకా తక్కువే, మందులు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఆపకండి.