చదివింది ఎక్కువ రోజులు గుర్తుండాలంటే ఎలా చదవాలి?

రాత్రి చదివింది పొద్దున్నకే పోతోందని నా జ్ఞాపకశక్తే వీక్ అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు మెదడు కణాల మధ్య గ్లూటమేట్ అనే కెమికల్ విడుదలవుతుంది, దాంతో అవతలి కణంలోకి కాల్షియం వెళ్ళి ఆ రెండింటి లింకు గట్టిపడుతుంది, కానీ ఆ గట్టిదనం కొన్ని గంటలే. రోజుల తరబడి నిలవాలంటే కణం కొత్త ప్రోటీన్లు తయారు చేసుకోవాలి. ఎరిక్ కాండెల్ అనే మెదడు శాస్త్రవేత్త దీన్ని సముద్రపు నత్తల మీద చూశాడు, తోకకి ఒక్క షాక్ ఇస్తే నత్తకి అది నిమిషాలే గుర్తుంది, మధ్యలో గ్యాప్ ఇస్తూ ఐదుసార్లు ఇస్తే రోజులు గుర్తుంది. 2000లో నోబెల్ వచ్చింది ఆయనకి.

స్టెప్ 1: ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. శ్రద్ధ పెట్టినప్పుడు పెరిగే ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు కెమికల్ కొత్త విషయాన్ని లోపలికి తీసుకోడానికి సాయం చేస్తుంది.

స్టెప్ 2: ఒకే పాఠాన్ని ఏకబిగిన మూడు గంటలు రుద్దొద్దు, అదే మూడు గంటల్ని మూడు రోజులకి పంచండి. నత్తల సంగతి చెప్పింది ఇందుకే.

స్టెప్ 3: పుస్తకం మూసి గుర్తున్నది కాగితం మీద రాయండి. నాకైతే అన్నిట్లోకీ ముఖ్యమైంది ఇదే. ఒక జ్ఞాపకాన్ని బయటికి తీసినప్పుడు అది కాసేపు మెత్తబడి, మళ్ళీ ప్రోటీన్లతో గట్టిపడాల్సి రావచ్చని 2000లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో తేలింది. అందుకే తప్పు రాస్తే రేపు చూద్దాంలే అనకుండా అప్పటికప్పుడే దిద్దుకోండి.

స్టెప్ 4: పడుకోండి, నైటవుట్ వద్దు. గాఢనిద్రలో ఎసిటైల్‌కోలిన్ బాగా తగ్గుతుంది, అప్పుడే హిప్పోక్యాంపస్ (కొత్త జ్ఞాపకాల్ని ముందుగా పట్టి ఉంచే మెదడు భాగం) పగలు నేర్చుకున్నదాన్ని మళ్ళీ తిరగేసి మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కి చేరవేస్తుంది, నిద్ర మానేసి చదివితే ఈ పనికే గండి పడుతుంది.

ఇక పరీక్షలో బ్లాంక్ అయిపోవడం. కంగారులో పెరిగే కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ జ్ఞాపకాన్ని చెరిపేయదు, బయటికి రానివ్వదంతే, కాబట్టి ఆ ప్రశ్న వదిలేసి తెలిసినవి రాసుకుంటూ పోండి, కాస్త కుదుటపడ్డాక మళ్ళీ దానికి రండి.