పాత లారీ వెనక బ్రేకులు, యాక్సిల్: రెండూ ఒకే పని

మా నాన్న నడిపిన లారీకి వెనక ఎడమ పక్క బ్రేకు లైనర్లు (చక్రంతో తిరిగే డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే పట్టీలు) రెండేళ్లలో మూడుసార్లు మార్చాను. మార్చిన ప్రతిసారీ నెల తిరక్కుండానే బ్రేకు తొక్కితే బండి కుడికి లాగేది. డ్రమ్ము విప్పి చూస్తే కొత్త లైనర్ నల్లగా, జిడ్డుగా ఉండేది. ఆయిల్ సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం) మార్చినా ఫలితం లేదు. చివరికి యాక్సిల్ హౌసింగ్ (యాక్సిల్‌ని మూసి ఉంచే ఇనప గొట్టం) పైభాగం వైర్ బ్రష్‌తో రుద్దుతుంటే, రెండు పూతల రంగు కింద బొత్తామంత బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న మూత) కనిపించింది. ఎవరో ఎప్పుడో హౌసింగ్‌కి రంగు వేస్తూ దాన్ని కూడా కప్పేశారు. బండి నడిచేకొద్దీ లోపలి ఆయిల్, గాలి వేడెక్కుతాయి. గాలికి పోయే దారి లేకపోతే సీల్ పెదవిని తోసుకుని వస్తుంది, వెంట ఆయిల్‌ని కూడా తెస్తుంది. ఆ ఆయిల్ పోయి చేరేది డ్రమ్ములోకే. అందుకే పాత లారీ బాగు చేసేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇది: వెనక బ్రేకులు ఒక పని, యాక్సిల్ ఇంకో పని అనుకోవద్దు. ఒకసారి విప్పితే రెండూ పూర్తిచేసి మూయండి.

నాది హైడ్రాలిక్ డ్రమ్ బ్రేకులు, ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ ఉన్న బండి. ఆ కాలపు లారీల్లో ఎక్కువగా కనిపించేది ఈ అమరికే. ఇందులో బరువంతా హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం), హౌసింగ్ మోస్తాయి. షాఫ్ట్ చక్రాన్ని తిప్పడం తప్ప ఇంకేమీ చేయదు. కాబట్టి చక్రం విప్పకుండానే షాఫ్ట్ బయటికి లాగొచ్చు.

ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టండి. వెనక వైపు జాకీతో లేపి, హౌసింగ్ కింద రెండు పక్కలా గట్టి స్టాండ్లు వేయండి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. ఇంకో మాట: చాలా పాత బండ్లకి ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ మరతో ఉంటాయి. స్టడ్డు చివర ఎల్ అక్షరం ఉందేమో చూసి, అప్పుడు పానా వేయండి. తెలియక అటు బలం పెడితే స్టడ్డు తెగిపోతుంది.

షాఫ్ట్ ఫ్లాంజి (షాఫ్ట్ చివర హబ్బుకి బిగించే పళ్లెం) నట్ల కింద చీలిక ఉన్న కోన్ వాషర్లు బిగుసుకుపోయి ఉంటాయి. నట్లని పూర్తిగా తీయకుండా స్టడ్డు చివరిదాకా వదులు చేసి, ఫ్లాంజి మధ్యలో బరువైన ఇత్తడి సుత్తితో గట్టిగా కొట్టండి. రెండు మూడు దెబ్బలకి కోన్లు టప్పున పైకి లేస్తాయి. ఫ్లాంజికీ హబ్బుకీ మధ్య ఉలి దూర్చి పెకలించారంటే ప్యాకింగ్ కూర్చునే ముఖం గాటు పడుతుంది, ఆ తర్వాత ఎన్ని ప్యాకింగులు మార్చినా కారుతూనే ఉంటుంది. షాఫ్ట్ బయటికి వచ్చాక దాని స్ప్లైన్లు (లోపలి చివర పొడవునా ఉండే పళ్లు) చూడండి. అవి నిటారుగా ఉండాలి. మెలి తిరిగినట్టు కనిపిస్తే ఆ షాఫ్ట్ తిప్పే బలానికి అలసిపోయింది, మార్చేయాలి.

నా బండికి హబ్బూ డ్రమ్మూ కలిసే వస్తాయి, బరువు బాగా ఉంటుంది. ఇనప రేకుకి గ్రీజు పూసి చక్రం కింద పరిచి, చక్రంతో సహా దాని మీద జరిపేస్తాను. నడుము మీద భారం పడదు, సీల్ కూడా నలగదు. డ్రమ్ము రాకపోతే ముందు బ్రేకు అడ్జస్టర్లు వదులు చేయండి. అరిగిన డ్రమ్ము లోపలి అంచుకి షూలు (లైనర్లు బిగించి ఉండే ఇనప వంపులు) తట్టుకుని ఉంటాయి.

డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి రాదు. మాస్కు వేసుకుని, నీళ్లు చల్లి తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పడేయండి. ఈ ఒక్క విషయంలో తొందర పడకండి, దయచేసి.

ఇప్పుడు అసలు చోటు. హబ్బు తీశాక స్పిండిల్ (హబ్బు తిరిగే హౌసింగ్ చివర) మీద సీల్ పెదవి తిరిగే భాగాన్ని పెట్రోలు కాకుండా కిరోసిన్‌తో కడిగి, ఆరాక, బొటనవేలి గోరుని అడ్డంగా జరపండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టే. దశాబ్దాలుగా ఒకే చోట రబ్బరు రాసుకుంటే ఇనుము కూడా అరుగుతుంది. ఆ గాడి మీద ఎంత మంచి కొత్త సీల్ పెట్టినా ఆయిల్ ఆగదు. పల్చటి స్టీలు స్లీవ్ ఎక్కించడమో, సీల్‌ని రెండు మిల్లీమీటర్లు అటో ఇటో జరిపి కూర్చోబెట్టడమో చేయాలి. నా బండికి బ్రీదర్ శుభ్రం చేశాక కూడా ఇంకా చెమ్మ కనిపించింది, స్లీవ్ వేశాకే పూర్తిగా ఆగింది. బ్రీదర్ విప్పి, నోటితో ఊదితే గాలి సులువుగా పోయేదాకా కడగండి. కొత్తది దొరికితే ఇంకా మంచిది.

ఆయిల్ తాగిన లైనర్‌ని కాల్చి, ఎమరీతో రుద్ది మళ్లీ వాడేవాళ్లని చూశాను. అలా చేయొద్దు. పైకి పొడిగా ఉన్నా వేడెక్కగానే లోపలి ఆయిల్ ఊరుతుంది. లైనర్లు రెండు పక్కలా ఒకేసారి, ఒకే రకానివి వేయండి. రివెట్లు కొట్టేటప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు చివర్లకీ వెళ్లాలి, లేకపోతే లైనర్ మధ్యలో ఉబ్బి షూకి అతుక్కోదు. డ్రమ్ము లేత్ మీద పట్టించేముందు దాని మీద గరిష్ఠ వ్యాసం పోత పోసి ఉందేమో చూడండి. అది దాటితే డ్రమ్ము పల్చబడి వేడికి పగులుతుంది. సన్నటి వేడి గీతలు ఫర్వాలేదు. అంచుదాకా పాకిన పగులు మాత్రం డ్రమ్ము పని అయిపోయిందని చెబుతుంది.

వీల్ సిలిండర్ల (షూలని డ్రమ్ము వైపు తోసేవి) రబ్బరు బూట్లు ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే కప్పులు (సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు) పోయినట్టే. సిలిండర్ లోపల గుంటలు పడి ఉంటే కప్పులు మార్చి లాభం లేదు, సిలిండర్ మార్చాలి లేదా స్లీవ్ చేయించాలి. రబ్బరు హోసులు పైకి బాగున్నా మార్చేయండి. పాత హోస్ లోపల ఉబ్బి దారి మూసుకుంటుంది. మీరు తొక్కే ఒత్తిడికి ఆయిల్ వెళ్తుంది కానీ తిరిగి రాదు. బ్రేకు పట్టేసి, డ్రమ్ము కాలిపోతుంటే మనం స్ప్రింగుల్ని తిడుతుంటాం. 1960ల ముందు లారీల్లో చాలావాటికి నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే సర్క్యూట్ (బ్రేకు ఆయిల్ వెళ్లే దారి). ఎక్కడ ఒక్క పైపు పగిలినా పెడల్ నేలకి తగులుతుంది, బండికి బ్రేకే ఉండదు. తుప్పు పట్టిన పైపుని అతకడానికి ప్రయత్నించకండి, కొత్తది వేయండి. చివర్లు డబుల్ ఫ్లేర్ (అంచుని రెండు మడతలుగా వెడల్పు చేయడం) చేయించండి.

క్రౌన్, పినియన్ (యాక్సిల్ మధ్యలో ఇంజన్ బలాన్ని చక్రాల వైపు మళ్లించే పళ్ల చక్రాలు) గురించి ఎక్కువ చెప్పను. డ్రెయిన్ ప్లగ్ విప్పితే ఆయిల్‌తో వచ్చే బూడిద రంగు పొడి మామూలే, గోరుకి తగిలే ఇనప ముక్కలు మామూలు కాదు. పినియన్‌ని చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూడండి, ఆట ఉంటే బేరింగులు పోయాయి. డిఫరెన్షియల్ విప్పాల్సి వస్తే బేరింగు క్యాపులకి విప్పక ముందే పంచ్‌తో గుర్తు పెట్టండి, ఎడమది కుడికి వేయకూడదు. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ), పళ్ల అచ్చు సరిచేయడం అలవాటున్న చేతికే అప్పగించండి. హైపాయిడ్ గేరుకి (పినియన్ క్రౌన్ మధ్యగీతకి పక్కకి జరిగి ఉండే రకం) ఈపీ, అంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకునే గేర్ ఆయిలే పోయాలి. లోపల కంచు వాషర్లు ఉంటే అవి చెడకుండా, మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయండి.

హబ్బు బేరింగుల్లో గ్రీజుని అరచేతిలో పెట్టి, రోలర్ల మధ్య నుంచి అవతలికి వచ్చేదాకా నొక్కండి. నట్టు బిగించేటప్పుడు హబ్బుని తిప్పుతూనే బిగించి, తర్వాత కొంచెం వదలండి. చక్రం స్వేచ్ఛగా తిరగాలి, ఊపితే చేతికి అందీ అందనంత ఆట ఉండాలి. లాక్ వాషర్ చెవి వంచడం మరిచిపోవద్దు. పాతది మళ్లీ వంచితే విరుగుతుంది, కొత్తదే వేయండి.

బ్రేకు ఆయిల్‌గా డాట్ 3 గానీ డాట్ 4 గానీ కొత్త డబ్బా తెరిచి పోయండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, సగం వాడి మూలన పెట్టిన డబ్బా పనికిరాదు. సిలికాన్‌తో చేసిన డాట్ 5 ని దీనితో కలపకూడదు. ఇంజన్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. పైపుల్లో చిక్కిన ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. ఒకరు పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గరి నిపుల్ (గాలి బయటికి వదిలే మర) వదిలి బిగించాలి. పెడల్ వదిలేది నిపుల్ బిగించాకే. మధ్యలో మాస్టర్ సిలిండర్ ఖాళీ అయితే మొదటి నుంచి చేయాల్సిందే. బుడగలు ఆగాక పెడల్ గట్టిగా అరనిమిషం తొక్కి పట్టండి. అది మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోంది.

ఖాళీ బండితో, మనుషులు లేని చోట, నడక వేగం నుంచి మొదలుపెట్టి ఆపి చూడండి. కొత్త లైనర్లు డ్రమ్ముకి సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది, ఆ రోజుల్లో లోడు ఎక్కించొద్దు. పాతిక కిలోమీటర్లు తిరిగాక నాలుగు హబ్బుల దగ్గరికీ అరచెయ్యి పోనివ్వండి. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేస్తోంది, లేదా బేరింగు బిగుతైంది. వంద కిలోమీటర్ల తర్వాత ఫ్లాంజి నట్లు, చక్రాల నట్లు మళ్లీ బిగించండి. వెనక బ్యాక్‌ప్లేటు (షూలు బిగించి ఉండే పళ్లెం) అడుగు అంచుని పొడి గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ మీద తడి మరక కనిపిస్తే మళ్లీ బ్రీదర్ దగ్గరికి వెళ్లండి.