అమ్మానాన్నలు అమెరికా వస్తున్నారా? ఎమర్జెన్సీ బిల్లు సంగతి ముందే చూసుకోండి

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే హైదరాబాద్ నుంచి దోహా, దుబాయ్ మీదుగా అమెరికా వచ్చే విమానాల నిండా మనవాళ్ళ అమ్మానాన్నలే కనిపిస్తారు. కూతురి పురిటికని కొందరు, మనవడి బారసాలకని కొందరు. పచ్చళ్ళ బ్యాగు తూకం నాలుగుసార్లు చూసుకుంటారు గానీ, ఇన్సూరెన్స్ మాట ఎత్తితే మాత్రం "నేను గుండ్రాయిలా ఉన్నాన్రా, ఆ డబ్బులు దండగ" అంటారు నాన్న. ఆరు నెలలు ఏమీ కాకపోతే ఆయనదే గెలుపు. ఏదైనా అయితే?

అమెరికా ఆసుపత్రి మొదట పంపే బిల్లులో ఉన్నది వాళ్ళు అడిగే ధర. కట్టాల్సిన ధర చాలాసార్లు దానికంటే బాగా తక్కువ. కానీ తగ్గింపు అడిగినవాళ్ళకే దొరుకుతుంది. భయపడో, పరువు పోతుందనో ఆ రాత్రే క్రెడిట్ కార్డు గీకేసినవాళ్ళు అంతా కట్టి ఊరుకుంటారు. మనవాళ్ళు ఎక్కువగా చేసేది ఇదే కాబట్టి, ఏ దశలో ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

విమానం ఎక్కకముందు

ఇండియాలో చాలా కంపెనీల పాలసీల్లో అమ్మానాన్నలను కూడా చేర్చుకుంటారు. ఆ అలవాటుతో ఇక్కడ పొరబడతారు. అమెరికాలో ఆఫీసు ఇచ్చే ఇన్సూరెన్స్‌లో భార్య లేదా భర్త, పిల్లలు ఉంటారు. తల్లిదండ్రులను సాధారణంగా చేర్చుకోరు. ఆరోగ్యశ్రీ ఇక్కడ చెల్లదు.

అందుకే అమెరికా చూడవచ్చేవాళ్ళ కోసం విడిగా కొనే విజిటర్ పాలసీ ఉంటుంది. అది కొనేటప్పుడు కవర్ పేజీ మీది పెద్ద అంకె చూసి మురిసిపోకండి. చవకగా వచ్చేవి చాలావరకు ఫిక్స్‌డ్ పాలసీలు. పైన 50,000 డాలర్లు అని ఉన్నా, లోపల ఎమర్జెన్సీ రూమ్‌కి ఇంత, స్కాన్‌కి ఇంత అని చిన్న చిన్న హద్దులు గీసి ఉంటాయి. మిగతాదంతా మీ నెత్తినే. కాస్త ఖరీదైనా, ఇలా ఒక్కోదానికి చిన్న హద్దు పెట్టకుండా బిల్లులో ఎక్కువ భాగం భరించే కాంప్రహెన్సివ్ రకం తీసుకోవడమే నయం. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళయితే "అక్యూట్ ఆన్‌సెట్" అన్న భాగం తప్పకుండా చదవాలి. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితేనే, అదీ సాధారణంగా 24 గంటల్లోపు వైద్యం కోసం వెళ్తేనే డబ్బులిస్తామని అందులో రాస్తారు. డెబ్బై, ఎనభై దాటినవాళ్ళకు ఈ కవరేజీ తగ్గిపోతుంది, కొన్నిట్లో అసలే ఉండదు. వచ్చేశాక కూడా కొనుక్కోగలిగే అమెరికా పాలసీలు ఉన్నాయి కాబట్టి, నాన్న ఇప్పటికే మీ సోఫాలో కూర్చుని ఉన్నా ఆలస్యమేమీ కాలేదు. జబ్బు బయటపడ్డాక కొంటే మాత్రం ఆ జబ్బుకు పనికిరాదు.

మందుల విషయానికొస్తే, ఇండియా డాక్టరు చీటీకి ఇక్కడి మందుల షాపులో మందు ఇవ్వరు. బీపీ మాత్రలు అయిపోయి, రెండు వారాలు ఊరుకుని, తల తిరిగి ఎమర్జెన్సీకి వెళ్ళడం మామూలైపోయింది. మాత్రలు అయిపోవడానికి ముందే ఒక క్లినిక్‌లో చూపించి చీటీ రాయించుకుంటే చాలు, మెట్‌ఫార్మిన్ లాంటి పాత మందులు ఇక్కడ కూడా చవకే. గ్లైకోమెట్, టెల్మా, ఎకోస్ప్రిన్ అంటే ఇక్కడి డాక్టరుకు తెలియదు. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, ఆస్పిరిన్ అని అసలు పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములో కాగితం మీద రాసి నాన్న పర్సులో పెట్టండి. పాత ఈసీజీ ఫోటో కూడా ఫోన్‌లో ఉంచండి. ఈసీజీలో ఏదైనా తేడా కనిపిస్తే అది పదేళ్ళ నాటిదో ఈ రోజుదో డాక్టరుకు తెలియాలి. తెలియకపోతే ఈ రోజుదే అనుకుని రాత్రంతా ఉంచి పరీక్షలు చేస్తారు. అది వాళ్ళ తప్పేమీ కాదు.

ఎక్కడికి తీసుకెళ్ళాలి

ఛాతీలో నొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఊపిరి ఆడకపోవడం, తలకు దెబ్బ తగిలి మత్తుగా ఉండటం, వీటికి బిల్లు గురించి ఆలోచించకండి. 911కి ఫోన్ చేయండి. అంబులెన్స్ బిల్లు వేరే వస్తుంది. రానివ్వండి.

జ్వరం, మూత్రంలో మంట, బెణుకు, చిన్న గాయం లాంటివాటికి అర్జంట్ కేర్ చాలు. అంటే అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళి చూపించుకునే క్లినిక్. డబ్బు కట్టి చూపించుకునేవాళ్ళకు ధర ఎంతో ముందే ఫోన్‌లో చెప్తారు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ముఖ్యంగా టెక్సస్‌లో ఉండేవాళ్ళు గమనించాలి. స్ట్రిప్ మాల్‌లో, బిర్యానీ హోటల్ పక్కనే, అచ్చం అర్జంట్ కేర్ లాగే కనిపించే "ఫ్రీస్టాండింగ్ ఎమర్జెన్సీ రూమ్"లు, అంటే ఆసుపత్రి భవనంలో కాకుండా విడిగా నడిచే ఎమర్జెన్సీలు ఉంటాయి. రద్దీ ఉండదు, రిసెప్షన్‌లో నవ్వుతూ పలకరిస్తారు. బిల్లు మాత్రం పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ స్థాయిలో ఉంటుంది. బోర్డు మీద ఎమర్జెన్సీ అన్న మాట ఉందంటే అది అర్జంట్ కేర్ కాదు. మీ ఇంటి దగ్గర ఏది ఏమిటో జ్వరం రాకముందే ఒకసారి చూసి పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ లేదని తిప్పి పంపేస్తారేమోనన్న భయం అక్కర్లేదు. 1986లో వచ్చిన ఎమ్‌టాలా చట్టం ప్రకారం, మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) తీసుకునే ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఎవరు వచ్చినా పరీక్షించి, ప్రమాదం తప్పేవరకూ వైద్యం చేయాలి. వీసా ఏమిటి, డబ్బుందా అన్న ప్రశ్నల కోసం వైద్యం ఆపకూడదు. కాకపోతే ఆ చట్టం బిల్లును మాఫీ చేయదు.

అమ్మకు ఇంగ్లీషు రాకపోతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, ఉచితం. ఫోన్‌లోనో, స్క్రీన్ మీదనో తెలుగు మాట్లాడే మనిషిని కలుపుతారు. నొప్పి ఎప్పటి నుంచి, ఎలా ఉందన్నది కొడుకు సగం సగం అనువదించేకంటే అమ్మే చెప్పడం మంచిది.

సంతకం దగ్గర ఆగండి

నర్సు సూది గుచ్చి వెళ్ళిన కాసేపటికి చక్రాల బండి మీద కంప్యూటర్ నెట్టుకుంటూ రిజిస్ట్రేషన్ ఆవిడ వస్తుంది. పేరు, అడ్రసు రాసుకుని చిన్న సంతకాల పలక ముందుకు జరుపుతుంది. పలక మీద గీత ఒక్కటే కనిపిస్తుంది, దేనికి పెడుతున్నారో స్క్రీన్ మీద ఆవిడకే కనిపిస్తుంది. "గ్యారంటర్ ఎవరు?" అని అడిగితే మనవాళ్ళు బాధ్యతగా "నేనే, కొడుకుని" అంటారు. మైనరు కాని మనిషి వైద్యం బిల్లుకు బాధ్యత మామూలుగా ఆ మనిషిదే. మీరు గ్యారంటర్‌గా సంతకం పెట్టిన క్షణం నుంచి అది మీ అప్పు, మీ క్రెడిట్ స్కోరు వ్యవహారం. స్పృహలో ఉంటే నాన్ననే సంతకం పెట్టమనండి. వైద్యానికి ఒప్పుకుంటూ పెట్టే సంతకం వేరు, డబ్బుకు పూచీ పడే సంతకం వేరు. ప్రింటు తీసివ్వమని అడిగి చదివాకే పెట్టండి.

అప్పుడే "ఈ రోజు ఎంత కడతారు?" అని కూడా అడుగుతారు. "బిల్లు పంపండి, చూసి మాట్లాడతాను" అంటే చాలు. ఎవరూ ఏమీ అనరు.

బిల్లు వచ్చాక

ఒకటి కాదు, మూడు నాలుగు వస్తాయి. ఆసుపత్రిది ఒకటి, ఎమర్జెన్సీ డాక్టరుది ఒకటి, స్కాన్ చదివిన రేడియాలజిస్టుది ఒకటి, అంబులెన్స్‌ది ఇంకొకటి. ఒకటి తేలితే అన్నీ తేలినట్టు కాదు.

ఏ బిల్లు మీదా రూపాయి కట్టకముందు ఆసుపత్రి బిల్లింగ్ ఆఫీసుకు ఫోన్ చేసి రెండు మాటలు చెప్పండి: "ఐ వాంట్ టు అప్లై ఫర్ ఫైనాన్షియల్ అసిస్టెన్స్. ప్లీజ్ పుట్ ద అకౌంట్ ఆన్ హోల్డ్." అమెరికాలో చాలా ఆసుపత్రులు లాభాపేక్ష లేనివి, పన్ను మినహాయింపు పొందుతున్నవి. 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం ప్రకారం వాటికి రాతపూర్వకమైన ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలి. దానికి అర్హులైనవాళ్ళ దగ్గర, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళ తరఫున సాధారణంగా వచ్చే మొత్తం కంటే ఎక్కువ వసూలు చేయకూడదు. ఇంటికొచ్చాక అందిన మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి. మొదటి 120 రోజుల్లో కేసు వేయడం, క్రెడిట్ బ్యూరోకు పంపడం చేయకూడదు. ఇప్పటికే కట్టేసినా గడువులోపు దరఖాస్తు పెట్టి అర్హులని తేలితే, ఎక్కువ కట్టింది వెనక్కి ఇవ్వాలి.

ఇక్కడ మనవాళ్ళు వెనకాడేది "నా జీతం చూసి ఇవ్వరులే" అని. పేషెంటు మీరు కాదు. చాలా విధానాల్లో చూసేది పేషెంటు కుటుంబం ఆదాయం. నెలకు 40 వేల రూపాయల పెన్షన్ అంటే మనూళ్ళో మర్యాదగా బతికే డబ్బే గానీ, డాలర్లలో ఏడాదికి ఆరు వేలు దాటదు. 2025లో ఇద్దరున్న కుటుంబానికి అమెరికా ప్రభుత్వం లెక్క వేసిన పేదరిక రేఖ 21,150 డాలర్లు. దానికి రెండింతలు, మూడింతల వరకు ఆదాయం ఉన్నవాళ్ళకు కూడా తగ్గింపు ఇచ్చే ఆసుపత్రులు ఎన్నో. పెన్షన్ స్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంట్, పాస్‌పోర్టు కాపీ, రూపాయల్ని డాలర్లలోకి మార్చి రాసిన ఒక ఉత్తరం జత చేయండి. ఉన్నది ఉన్నట్టు రాయండి, ఊళ్ళో పొలం సంగతి అడిగితే దాచకండి.

ఒక మెలిక మాత్రం ఉంది. కొన్ని విధానాలు ఆ కౌంటీలో, రాష్ట్రంలో ఉండేవాళ్ళకే అంటాయి. న్యూజెర్సీలో ఆసుపత్రి బిల్లులు తగ్గించే ఛారిటీ కేర్ పథకంలో మాత్రం ఎమర్జెన్సీ వైద్యమైతే బయటివాళ్ళకు కూడా దారి ఉంది. అందుకే విధానం పూర్తి కాపీ అడిగి చదవాలి. ఏ డాక్టర్లకు అది వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో కూడా అందులో జాబితా ఉంటుంది. ఫారాలు నింపడం తలనొప్పి అనుకుంటే డాలర్ ఫర్ అనే సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ అత్యవసర వైద్యానికి ప్రభుత్వం డబ్బు కట్టే ఎమర్జెన్సీ మెడికెయిడ్ సంగతి వేరు. విజిటర్లకు సాధారణంగా వర్తించదు, వీసా చిక్కులు కూడా ఉండొచ్చు కాబట్టి లాయరును అడగకుండా అటు వెళ్ళకండి.

దరఖాస్తు నడుస్తుండగానే ఐటమైజ్డ్ బిల్లు, అంటే ఒక్కోదానికి ఎంత వేశారో విడివిడిగా రాసిన బిల్లు తెప్పించుకోండి. మొదట వచ్చే ఒక పేజీ బిల్లులో "ఎమర్జెన్సీ సర్వీసెస్, లాబొరేటరీ, ఫార్మసీ" అని మూడు ముక్కలే ఉంటాయి. అసలు కథ ఐటమైజ్డ్ బిల్లులో ఉంటుంది. ఎమర్జెన్సీ విజిట్‌కి 99281 నుంచి 99285 వరకు ఐదు కోడ్‌లు, అంకె పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. తల తిరిగిందని వెళ్ళి, ఒక సెలైన్ ఎక్కించుకుని ఇంటికొచ్చిన మనిషికి 99285 వేసి ఉంటే, ఎందుకు వేశారో రికార్డు చూపించమని అడగొచ్చు. వైద్య రికార్డు తీసుకునే హక్కు పేషెంటుకు ఉంది. అది పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ సరిచూడండి. ఒకే రక్తపరీక్ష రెండుసార్లు, చేయని ఎక్స్‌రే, తిరస్కరించిన మాత్ర లాంటివి అప్పుడప్పుడు దొరుకుతాయి.

సహాయం దక్కకపోతే బేరమే. సిగ్గుపడకండి. 2021 నుంచి ఆసుపత్రులు తమ ధరలు వెబ్‌సైట్‌లో పెట్టాలి, నగదు కట్టేవాళ్ళకు ఇచ్చే తగ్గింపు ధర కూడా అందులో ఉండాలి. అది చూసి "మీ క్యాష్ ధర ఇంత, ఒకేసారి ఇంత కడితే ముగిస్తారా?" అని అడగండి. ఒప్పుకుంటే "ఇది కడితే బాకీ సున్నా" అని ఉత్తరం చేతికొచ్చాకే డబ్బు పంపండి. ఒకేసారి కుదరకపోతే వడ్డీ లేని వాయిదాలు అడగండి. మెడికల్ క్రెడిట్ కార్డు ఇస్తామంటే మాత్రం వద్దనండి. గడువులోపు మొత్తం తీరకపోతే మొదటి రోజు నుంచి వడ్డీ లెక్కగట్టి వేసేవి అందులో చాలా ఉన్నాయి.

"నాన్నని ఫ్లైట్ ఎక్కించెయ్ బాసూ, ఎవడడుగుతాడు" అనేవాడు ప్రతి పాట్‌లక్‌లోనూ ఒకడుంటాడు. మళ్ళీ వీసాకి వెళ్ళినప్పుడు పోయినసారి ఆసుపత్రి ఖర్చు ఎలా తీర్చారని అడిగితే నాన్న ఏం చెప్తారో అతనికి పట్టదు. సహాయం మంజూరైన ఉత్తరం, బాకీ సున్నా అన్న కాగితం ఫైల్లో ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

ఉద్యోగం పోయినవాళ్ళకు, చదువు ముగిసినవాళ్ళకు

అమ్మానాన్నలకే కాదు, ఇన్సూరెన్స్ లేని రోజులు మనకూ రావొచ్చు. లేఆఫ్ అయ్యాక ఇన్సూరెన్స్ పోయిందని ఎమర్జెన్సీకి వెళ్ళడం మానేయకండి. 20 మంది, అంతకు మించి పనిచేసే కంపెనీల్లో కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా సొంత డబ్బుతో ఆఫీసు ఇన్సూరెన్స్ కొనసాగించుకునే వీలు) తీసుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది, అది పాత తేదీ నుంచే వర్తిస్తుంది. అంటే నలభయ్యో రోజున అపెండిక్స్ ఆపరేషన్ అయినా, గడువులోపు కోబ్రా ఎంచుకుని మొదటి రోజు నుంచి ప్రీమియం కడితే ఆ బిల్లుకు కవరేజీ వస్తుంది. ప్రీమియం ఎక్కువే, ఆపరేషన్ బిల్లుతో పోలిస్తే తక్కువ. కోబ్రా కవరు వస్తే జంక్ మెయిల్ అనుకుని పారేయకండి.

మాస్టర్స్ ముగిసి ఓపీటీలోకి, అంటే స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం ఉద్యోగం చేసే దశలోకి వెళ్ళే పిల్లలు యూనివర్సిటీ పాలసీ ఏ తేదీన ముగుస్తుందో చూసుకోవాలి. చాలామందికి అది జులైలోనో ఆగస్టులోనో ఆగిపోయిన సంగతే తెలియదు. పాత కవరేజీ పోయిన 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునేవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే వెబ్‌సైట్‌లో కొత్తది తీసుకోవచ్చు.