డిస్క్ గోల్ఫ్ ఎలా మొదలుపెట్టాలి? పాలమూరు, నల్లగొండ చెల్కల్లో ఆడదలచినవారికి

తక్కువ విసుర్లలో గమ్యం చేరినవాళ్లదే గెలుపు. ఈ లెక్క గోల్ఫ్‌దే. చేతిలో మాత్రం కర్ర, బంతి బదులు ప్లాస్టిక్ డిస్కు ఉంటుంది, గుంత బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట ఉంటుంది. మొదటి శాశ్వత కోర్సును, అంటే బుట్టలు పెట్టిన ఆటస్థలాన్ని, 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ వేశాడు. మరుసటేడు ఆటకు పీడీజీఏ అనే సంఘం పెట్టిందీ, గొలుసుల బుట్టను రూపొందించిందీ ఆయనే. మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో అలాంటి కోర్సు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడనక్కర్లేదు. ఒక డిస్కు, నాలుగు చెట్లు, పొద్దున ఓ గంట తీరిక ఉంటే ఆట మొదలైనట్టే.

ముందు డిస్కు సంగతి

కొత్తవాళ్లు ఆన్‌లైన్‌లో అన్నిటికన్నా దూరం పోతుందన్న డ్రైవర్ రకం డిస్కును చూసి ఆర్డర్ పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. డిస్కుల్లో ప్రధానంగా మూడు రకాలు: దూరానికి డ్రైవర్, మధ్య దూరానికి మిడ్‌రేంజ్, బుట్ట దగ్గరకు పట్టర్. డ్రైవర్ అంచు పలుచగా, వాడిగా ఉంటుంది. అది బాగా వేగంగా విసిరే చేతికే లొంగుతుంది. నెమ్మదిగా విసిరితే సగం దూరంలోనే ఎడమకు తిరిగి నేలకు దిగుతుంది. మీ తప్పేమిటో కూడా తెలియనివ్వదు. పట్టర్ అలా కాదు, మీ చేయి ఎక్కడ వంకరపోయిందో అప్పటికప్పుడు చూపిస్తుంది.

చాలా డిస్కుల మీద నాలుగు అంకెలు ఉంటాయి: స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. స్పీడ్ అంటే అది పోయే వేగం అనుకోకండి, అది సరిగ్గా ఎగరడానికి మీరు విసరాల్సిన వేగం. గ్లైడ్ అంటే గాలిలో ఎంతసేపు తేలుతుందో. టర్న్ అంటే మొదట్లో కుడికి ఎంత మళ్లుతుందో (దీన్ని మైనస్ గుర్తుతో రాస్తారు), ఫేడ్ అంటే చివర్లో వేగం తగ్గాక ఎడమకు ఎంత వాలుతుందో. కుడిచేత్తో, చేయి ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరేవాళ్లకు ఈ లెక్క. ఎడమచేతి వాటం వాళ్లకు అంతా తిరగబడుతుంది. ఇన్నోవా అనే డిస్కుల కంపెనీ వాళ్ల ఏవియార్ పట్టర్ మీద 2, 3, 0, 1 అని, డిస్‌క్రాఫ్ట్ వాళ్ల బజ్ మిడ్‌రేంజ్ మీద 5, 4, -1, 1 అని ఉంటుంది. ఇలాంటివి రెండుంటే ఏడాదిపాటు ఇంకేమీ కొనక్కర్లేదు. ఒకటే కొనాలంటే పట్టర్ కొనండి. మిడ్‌రేంజ్‌ను నిలకడగా 50 మీటర్లు వేయగలిగిన రోజున లెపర్డ్ లాంటి 6 స్పీడ్ డ్రైవర్ గురించి ఆలోచించవచ్చు. 12 స్పీడ్‌ది ఎవరైనా ఊరికే ఇచ్చినా బీరువాలో పెట్టుకోండి.

బరువు 160 నుంచి 170 గ్రాముల మధ్య ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. ఆటవస్తువుల దుకాణాల్లో దొరికే పిల్లల ఫ్రిస్బీ మరీ తేలిక, దానితో నేర్చుకున్నది ఇక్కడ పనికిరాదు. రంగు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. ఎర్రచెల్కలో నారింజ, ఎరుపు రంగులు కలిసిపోతాయి. తంగేడు పూసే రోజుల్లో పసుపుపచ్చ డిస్కు కోసం పొదల్లో వెతకడం కన్నా బతుకమ్మకు పూలు కోసుకుపోవడం మేలు. గులాబీ, నీలం రంగులు దూరం నుంచే కనబడతాయి.

ఎక్కడ ఆడాలి? బుట్ట ఎలా?

పత్తికట్టె పీకేసిన చెల్క వానలు పడేదాకా ఖాళీగానే ఉంటుంది. రైతునడిగి ఆడుకోవచ్చు, కాకపోతే పల్లేరుకాయలకు తట్టుకునే బూట్లు కావాలి. కాలేజీ మైదానాల్లోనైతే పొద్దున నడకకు వచ్చేవాళ్లుంటారు. గట్టి అంచున్న డిస్కు తగిలితే తల పగులుతుంది కాబట్టి, దారి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా విసరకూడదు. గురి తప్పి ఎవరి మీదికైనా పోతుంటే బయటి దేశాల్లో "ఫోర్!" అని అరుస్తారు. మన దగ్గర "అన్నా, తల!" అనండి. పిల్లలమర్రి దగ్గర మాత్రం అస్సలు వద్దు. చెదల కోసం 2018లో సెలైన్ సీసాలతో మందెక్కించుకున్న చెట్టది, దాన్ని వదిలేయండి. ఉదయసముద్రం కట్ట మీద ఆడాలని కూడా సరదా పుడుతుంది. చాలా డిస్కులు నీళ్లలో మునిగిపోతాయని గుర్తుంచుకుంటే ఆ సరదా అదే తీరుతుంది.

మొదట్లో బుట్ట లేకపోయినా ఫరవాలేదు. వేపచెట్టు మొదలుకు మోకాలెత్తున ఒకటి, ఛాతీ ఎత్తున ఒకటి గుడ్డపేలికలు కట్టండి. ఆ రెండింటి మధ్య తగిలితే హోల్, అంటే ఆ గమ్యం వరకు ఆట, పూర్తయినట్టు. ఆట మీద మనసు నిలిచాక వెల్డింగ్ షాపుకు వెళ్లండి. తలకన్నా కొంచెం తక్కువ ఎత్తు పైపు, దాని పైన అడ్డంగా బిగించిన పాత సైకిల్ రిమ్ము, ఆ రిమ్ము నుంచి వేలాడుతూ కిందికొచ్చేసరికి పైపు దగ్గరికి చేరే డజను సన్న గొలుసులు, వాటి కింద ఇనుప చువ్వల గంప ఉంటే చాలు. గంప అంచు నేల నుంచి సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. గొలుసులు బిగుతుగా ఉంటే డిస్కు తగిలి వెనక్కి వస్తుంది. వదులుగా ఉంటే వేగాన్ని మింగేసి గంపలో పడేస్తాయి. షాపులో ఈ మాట రెండుసార్లు చెప్పండి, ఎందుకంటే గేటు చేసినట్టు బిగించి ఇచ్చేస్తారు.

విసరడం

గమ్యానికి కుడిభుజం చూపిస్తూ పక్కకు తిరిగి నిలబడండి. నాలుగు వేళ్లు డిస్కు అంచు లోపలికి, బొటనవేలు పైన ఉండాలి. చేయి వెనక్కి చాచి, డిస్కును ఛాతీకి దగ్గరగా ఒకే గీత మీద లాగాలి. మందు కొట్టే పెట్రోల్ పంపును తాడు లాగి స్టార్ట్ చేసినట్టే ముందు మోచేయి, ఆఖరున మణికట్టు రావాలి. నడుము కూడా తిరగాలి. ఒక్క చేతి బలంతో విసిరితే సాయంత్రానికి భుజం పట్టేస్తుంది. పరుగెత్తుకొచ్చి విసరడం ఇప్పుడే వద్దు.

డిస్కు పైకి లేచి, ఆగి, ఎడమకు జారి పడుతోందా? అంటే దాని ముందు అంచు పైకి లేస్తోందన్నమాట. కొత్తవాళ్లలో ఎక్కువమందికి ఉండే తిప్పలు ఇవే. బొటనవేలితో అంచును కాస్త కిందికి నొక్కి, నడుమెత్తులోనే వదలండి. గాలిలో వణుకుతోందంటే తిరుగుడు చాలలేదు, చివర్లో మణికట్టును ఇంకా గట్టిగా విదిలించాలి. చెమట చేయి జారిస్తుంది కాబట్టి నడుముకు తువ్వాల ఉండాలి.

ఆషాఢం గాడ్పులు మొదలయ్యాక లెక్క మారుతుంది. ఎదురుగాలిలో డిస్కు కుడికి తిరగబడుతుంది. బయటి అంచును కొద్దిగా కిందికి వంచి, తక్కువ ఎత్తులో వేయాలి. వెనుక నుంచి గాలి వీస్తే త్వరగా ఎడమకు వాలి కిందపడుతుంది, అప్పుడు కొంచెం ఎత్తుగా వదలండి.

పట్టింగ్, అంటే దగ్గర నుంచి బుట్టలోకి వేయడం, ఇంటి వాకిట్లోనే సాధన చేయవచ్చు. 3 మీటర్ల దగ్గర మొదలుపెట్టి, పదికి ఎనిమిది పడేదాకా వెనక్కి జరగకండి. దూరం విసరడం చూసేవాళ్లకు బాగుంటుంది కానీ విసుర్లు తగ్గేది ఇక్కడే.

నియమాలు, వీలైనంత క్లుప్తంగా

డిస్కు ఆగిన చోటు వెనుక కాలుపెట్టి తర్వాతి విసురు వేయాలి. బుట్టకు ఎక్కువ దూరంలో ఉన్నవాళ్లు ముందు వేస్తారు. 10 మీటర్ల లోపలి నుంచి వేస్తే, వదిలాక నిలదొక్కుకునేదాకా ముందుకు అడుగు పడకూడదు. డిస్కు గంపలోనో గొలుసుల్లోనో ఆగాలి, బుట్ట పైభాగం మీద ఆగితే లెక్కలోకి రాదు. హద్దు దాటితే ఒక విసురు జరిమానా. తుమ్మచెట్టులో ఇరుక్కుంటే మామూలుగా జరిమానా లేదు, సరిగ్గా దాని కింది నుంచి వేస్తారు. ముళ్లలోంచి దాన్ని దించడం మాత్రం మీ పనే.

ఎండకాలం ఉదయం 8 దాటాక ఆడకండి. కారు అద్దాల వెనుక డిస్కు వదిలేస్తే వంగిపోతుంది. వానాకాలంలో పొదలోకి పోయిన డిస్కు కోసం చేయి పెట్టేముందు కర్రతో కదిలించి చూడాలి, పాములుంటాయి. డిస్కు వెనుక చెరగని మార్కర్‌తో పేరు, ఫోన్ నంబరు రాయండి. గొర్ల కాపరులకు దొరికితే ఫోన్ చేస్తారు, ఆ వంకతో ఆటకు ఇంకో మనిషి కూడా దొరకవచ్చు.