నెట్ పోయినా పనిచేసే స్మార్ట్ ఇల్లు కావాలంటే ఏం చేయాలి

స్మార్ట్ ఇల్లు అనగానే చాలామందికి గుర్తొచ్చేది సోఫాలో కూర్చుని లైట్ వెయ్యి అని అరవడం. నన్నడిగితే అది పెద్ద ఫ్యూచర్ ఏం కాదు, చేత్తో చేసే పని నోటితో చేస్తున్నాం అంతే. 1991లోనే మార్క్ వైజర్ అనే జిరాక్స్ ల్యాబ్ సైంటిస్ట్ ఒక వ్యాసం రాశాడు, కంప్యూటర్లు రోజువారీ జీవితంలో కలిసిపోయి అవి ఉన్నాయన్న ధ్యాసే మనకి ఉండని రోజు గురించి. మనం వెళ్లాల్సింది అటువైపు. అరవక్కర్లేదు, యాప్ తియ్యక్కర్లేదు, పని అయిపోవాలి.

అందుకని ముందు ఏమీ కొనకండి. ఒక వారం రోజులు ఇంట్లో మీకు చిరాకు తెప్పించేవి రాసుకోండి. రాత్రి బాత్రూమ్‌కి లేచి చీకట్లో గోడ తడుముకోవడం, ఐరన్ బాక్స్ ఆపానా లేదా అని సగం దారిలో డౌట్ రావడం, ట్యాంక్ నిండి నీళ్లు పొర్లిపోవడం, ఇలాంటివి. ఆ లిస్టులో మొదటిదానికి ఒక్కదానికే సొల్యూషన్ వెతకండి, అది నెల రోజులు సరిగ్గా పనిచేశాక రెండోది. ఆఫర్ ఉంది కదా అని ఒకేసారి పది వస్తువులు తెస్తే ఆరు డబ్బాలోనే ఉండిపోతాయి, అనుభవం మీద చెప్తున్నా.

బాత్రూమ్ లైట్‌నే తీసుకుందాం. మోషన్ సెన్సర్లలో చవగ్గా దొరికేవి ఎక్కువగా పీఐఆర్ రకం, మన ఒంటి వేడి కదిలినప్పుడు మాత్రమే వాటికి తెలుస్తుంది. నడిచే దారిలో బ్రహ్మాండంగా పనిచేస్తాయి, కానీ చదువుకునే గదిలో పెట్టారా అంతే సంగతులు. నేను పెట్టా. పుస్తకం పట్టుకుని కదలకుండా కూర్చుంటే ప్రతి రెండు నిమిషాలకీ లైట్ ఆరిపోయేది, కాకుల్ని తోలినట్టు చేతులు ఊపుతూ కూర్చున్నా. కూర్చునే చోటికి ఎంఎంవేవ్ రాడార్ రకం కావాలి, అది ఊపిరికి ఛాతీ కదిలినంత చిన్న కదలికని కూడా పట్టేస్తుంది. కాకపోతే తిరిగే ఫ్యానుని, ఊగే కర్టెన్‌ని కూడా మనిషే అనుకునే ఛాన్స్ ఉంది, కాబట్టి అటు తిరక్కుండా బిగించి సెన్సిటివిటీ తగ్గించుకోవాలి.

యాప్‌లో రూల్ రాసేటప్పుడు మూడు ముక్కలు అనుకోండి: ఏం జరిగితే, ఏ టైంలో, ఏం చెయ్యాలి. రాత్రి 11 నుంచి 5 లోపు కదలిక ఉంటే లైట్ 10 శాతం వెలగాలి, 2 నిమిషాలు కదలిక లేకపోతే ఆరిపోవాలి. ఆరిపోవడం అనే భాగం మర్చిపోయేవాళ్లే ఎక్కువ, అందుకే దాన్నే ముందు రాయండి. ఐరన్ బాక్స్, హీటర్ లాంటి వేడెక్కే వాటికి మాత్రం ఆఫ్ రూల్ ఒక్కటే పెట్టండి, మనిషి లేనప్పుడు వాటిని ఆన్ చేసే రూల్ వద్దే వద్దు. వాటిని ఆపడానికి పెట్టే స్మార్ట్ ప్లగ్గు ఎన్ని ఆంప్స్ తట్టుకుంటుందో దాని మీదే రాసి ఉంటుంది, పెట్టబోయే వస్తువు అంతకంటే ఎక్కువ లాగితే ప్లగ్గు కాలిపోతుంది.

ఇక కనెక్షన్. వైఫై వస్తువులకి హబ్ (వస్తువులన్నిటినీ కలిపే డబ్బా) అక్కర్లేదు, కానీ వీటిల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ మీదే పనిచేస్తాయి, ఫోన్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద ఉంటే కొన్ని అసలు పెయిర్ అవ్వవు, మనమేమో వస్తువు పాడైపోయింది అనుకుని తిరిగి పంపించేస్తాం. బ్యాటరీతో నడిచే సెన్సర్లకి జిగ్బీ, థ్రెడ్ అనే వైర్‌లెస్ పద్ధతులు మేలు, చాలా తక్కువ పవర్ వాడతాయి. ఈ రకంలో కరెంటుకి పెట్టిన బల్బులు, ప్లగ్గులు పక్కవాటి సిగ్నల్‌ని ముందుకి అందిస్తాయి కూడా, అందుకే ఎవరైనా గోడ మీద స్విచ్ ఆపేస్తే ఆ బల్బుతో పాటు దాని ద్వారా సిగ్నల్ పంపే సెన్సర్ కూడా మూగబోవచ్చు. 2022లో మ్యాటర్ అనే కామన్ స్టాండర్డ్ వచ్చాక వేర్వేరు కంపెనీల వస్తువులు కలపడం కాస్త తేలికైంది, డబ్బా మీద ఆ గుర్తు ఉందేమో చూడండి. ఇంకో మాట, సీలింగ్‌కి బిగించే ముందే వస్తువు మీదున్న, కనెక్ట్ చెయ్యడానికి వాడే క్యూఆర్ కోడ్ ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత నిచ్చెన ఎక్కి మెడలు విరుచుకునే పని తప్పుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. రౌటర్ ఆపకుండా దానికొచ్చే ఇంటర్నెట్ కేబుల్ మాత్రం పీకేసి ఇల్లంతా తిరగండి. లైట్లు వెలిగాయా, సెన్సర్ పనిచేసిందా? అప్పుడు పనిచేసేవే నిజంగా మీవి, మిగతావి కంపెనీ సర్వర్ దయ మీద నడుస్తున్నాయి. ఇది ఉత్త భయం కాదు, రివాల్వ్ అనే హబ్‌కి 2016 మేలో సర్వీస్ ఆపేస్తే కొన్నవాళ్ల చేతిలో ఉత్త డబ్బాలు మిగిలాయి. లోకల్‌గా, అంటే కంపెనీ సర్వర్ లేకుండా ఇంట్లోనే నడవాలంటే హోమ్ అసిస్టెంట్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, నేర్చుకోడానికి కొన్ని ఆదివారాలు పోతాయి, అది ముందే చెప్తున్నా.

సెక్యూరిటీ విషయంలో బద్ధకం వద్దు. అదే 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఇళ్లలోని కెమెరాలు, రౌటర్లలోకి దూరింది, ఎలాగంటే ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు ఎవరూ మార్చలేదు కాబట్టి. ఆ వస్తువులన్నిటితో కలిపి అక్టోబర్‌లో చేసిన దాడికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు తడబడ్డాయి. బ్రిటన్‌లో అయితే 2024 ఏప్రిల్ నుంచి అందరికీ ఒకటే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం. మీరు చేయాల్సింది: పాస్‌వర్డ్ మార్చడం, అప్‌డేట్లు ఆటోమేటిక్‌లో పెట్టడం, ఈ వస్తువుల్ని గెస్ట్ నెట్‌వర్క్‌లో (రౌటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) పెట్టడం. గెస్ట్‌లో పెడితే ఒక్కోసారి ఫోన్‌కి అవి నేరుగా కనిపించవు, పెట్టాక ఒకసారి చెక్ చేసుకోండి. బెడ్‌రూమ్‌లో కెమెరా ఎందుకో నాకైతే అర్థం కాదు. పాత వస్తువు ఎవరికైనా ఇచ్చేముందు రీసెట్ చేసి, అకౌంట్‌లోంచి కూడా తీసెయ్యండి, రెండూ చెయ్యాలి.

ఇంటి సంగతి కాకపోయినా, స్మార్ట్ వాచీ గురించి ఒక్క ముక్క. వెనకాల మెరిసే పచ్చ లైటు రక్తం ఎంత పారుతుందో చూసి గుండె వేగం లెక్కేస్తుంది, వదులుగా పెట్టుకున్నా, టాటూ మీద పెట్టుకున్నా లెక్క తప్పుతుంది. మణికట్టు ఎముకకి కొంచెం పైన బిగుతుగా పెట్టుకోండి. వాచీ అంతా బాగుంది అంటోంది కదా అని ఛాతీ నొప్పిని పట్టించుకోకుండా ఉండకండి.

చివరగా, గోడ మీద స్విచ్ ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలి, ఇంటికొచ్చినవాళ్లు లైట్ కోసం మీ యాప్ అడిగే పరిస్థితి రాకూడదు. దీనికి స్మార్ట్ బల్బు కంటే స్మార్ట్ స్విచ్ నయం, కాకపోతే కొన్నిటికి న్యూట్రల్ వైర్ కావాలి, కొనకముందే మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించి చూపించుకోండి. మీరు పెట్టిన రూల్స్ అన్నీ ఒక కాగితం మీద రాసి స్విచ్ బోర్డు పక్కన అంటించండి, మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లోవాళ్లు అర్ధరాత్రి ఫోన్ చెయ్యకుండా ఉంటారు.