మామోగ్రామ్‌కి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

మామోగ్రామ్ అంటే రొమ్ము క్యాన్సర్ ఉందేమో చూడటానికి తీసే రొమ్ముల ఎక్స్‌రే. ముందు తేదీ. నెలసరి వస్తున్నవాళ్లయితే అది మొదలైన వారం పది రోజులకి పెట్టుకోండి, రాబోయే ముందు వారంలో రొమ్ములు బరువెక్కి ముట్టుకుంటేనే నొప్పిగా ఉంటాయి, అప్పుడు రెండు పలకల మధ్య నొక్కించుకోవడం నరకం. నొక్కేది కొన్ని సెకన్లే లెండి.

ఆ రోజు స్నానం చేయండి, కానీ పౌడరు, డియోడరెంట్, క్రీము వద్దు. హైదరాబాద్ ఎండల్లో చంకల్లో పౌడరు కొట్టకుండా బయటికెళ్లడం కష్టమే, కానీ ఆ రేణువులు ఫిల్ములో తెల్లచుక్కల్లా పడి క్యాన్సర్ అనుమానం కలిగించే క్యాల్షియం మచ్చలేమో అనిపిస్తాయి, మళ్లీ తీయాల్సి రావచ్చు.

చీరో, టాప్-ప్యాంటో వేసుకోండి. లాంగ్ ఫ్రాక్ అయితే మొత్తం విప్పాలి. మెడలో గొలుసులు, నల్లపూసలు తీయమంటారు, దీని మీద అత్తగారితో చర్చ ఏదైనా ఉంటే ఇంట్లోనే ముగించుకుని రండి.

పాత ఫిల్ములు, రిపోర్టులు తప్పకుండా తీసుకెళ్లండి. గర్భం అనుమానం ఉన్నా, పాలిస్తున్నా, అమ్మకో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చినా ముందే చెప్పండి.

40 లోపు వాళ్లకి మామూలుగా ముందు అల్ట్రాసౌండ్ రాస్తారు. గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా వయసు లెక్కేసుకుంటూ కూర్చోకండి, డాక్టర్‌కి చూపించండి. 30 దాటితే బస్తీలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో చేత్తో చేసే పరీక్ష గురించి అడగండి. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆధార్ వెంట ఉంచుకోండి.

ఇంకో ఫిల్ము కోసం మళ్లీ రమ్మంటే టెన్షన్ పడకండి, అలా పిలిచినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు, కానీ వెళ్లడం మాత్రం మానొద్దు.