పైథాన్‌లో తెలుగు అక్షరాలను సరిగా లెక్కించే పద్ధతి

పైథాన్ 3లో ‘తెలుగు’ అనే మాటను పొడవు కొలిచే లెన్ ఫంక్షన్‌కు ఇస్తే 6 అని జవాబు వస్తుంది. అదే మాటను అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో బైట్లుగా మార్చి కొలిస్తే 18 వస్తుంది. ఓనమాలు నేర్చిన ఎవరిని అడిగినా 3 అంటారు. లెన్ లెక్కపెట్టేది అన్ని లిపులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణంలోని సంకేతాలను: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము. వీటిలో ప్రతి సంకేతానికీ యూటీఎఫ్-8లో 3 బైట్లు పడతాయి. డేటాబేస్‌లో చోటు కేటాయించడానికి బైట్ల లెక్క చాలు. గళ్ల నుడికట్టు తయారుచేయాలన్నా, పొడవైన శీర్షికను తెర మీద కత్తిరించాలన్నా, మాటను తిరగేయాలన్నా అక్షరాల లెక్కే కావాలి.

ముందుగా పాఠాన్ని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌తో ఎన్ఎఫ్‌సీ అనే ఏకరీతి రూపంలోకి మార్చాలి. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు కాబట్టి, చూపుకు ఒకేలా ఉన్న రెండు ‘కై’లు పోల్చినప్పుడు వేరువేరని తేలవచ్చు. ఎన్ఎఫ్‌సీ ఆ తేడాను తొలగిస్తుంది.

తరువాత పైథాన్‌తో వచ్చే, పాఠంలో నమూనాలను వెతికే ఆర్ఈ మాడ్యూల్‌ను పక్కన పెట్టి, రెజెక్స్ అనే ప్యాకేజీని, ప్యాకేజీలను తెచ్చిపెట్టే పిప్‌తో స్థాపించుకోవాలి. ఆర్ఈ మాడ్యూల్‌లో పదాలను పట్టే నమూనా గుణింతపు గుర్తులను అక్షరాలుగా గుర్తించదు. ‘తెలుగు’ను అది త, ల, గ అని మూడు ముక్కలు చేసి గుర్తులను వదిలేస్తుంది. తెలుగు పాఠంతో పనిచేసే ప్రోగ్రాముల్లో ఇది చాలా హానికరమైన లోపమని నా అభిప్రాయం, ఎందుకంటే ఏ హెచ్చరికా లేకుండానే సమాచారం పోతుంది. రెజెక్స్‌లో బ్యాక్‌స్లాష్ తరువాత పెద్ద ఎక్స్ రాసి, దొరికిన ముక్కలన్నీ ఇచ్చే ఫైండాల్‌కు ఇస్తే తె, లు, గు అని సరైన ముక్కలు వస్తాయి.

వత్తుల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ‘స్త్రీ’ ఒక్క అక్షరమే అయినా అందులో 6 సంకేతాలు ఉన్నాయి, పాత యూనికోడ్ నియమాల ప్రకారం అది స్, త్, రీ అని మూడుగా విడిపోతుంది. పొల్లుతో కలిసే హల్లులను విడదీయకూడదన్న నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుకూ చేరింది. మీ దగ్గరున్న రెజెక్స్ వెర్షన్ ఏ నియమాన్ని పాటిస్తుందో ‘స్త్రీ’తోనే పరీక్షించండి. మూడు ముక్కలు వస్తే, పొల్లుతో ముగిసిన ముక్కను, దాని తరువాతి ముక్క ‘క’ నుంచి ‘హ’ వరకు ఉన్న హల్లులలో ఒకదానితో మొదలైతే, దానికి కలిపే చిన్న లూప్ రాసుకోవాలి.

‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తరువాత కంటికి కనిపించకుండా, పక్క హల్లుతో కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం ఉంటుంది. అది ఉన్నచోట ముక్క పొల్లుతో ముగియదు కాబట్టి, మన లూప్ ట్‌ను వేతో కలపదు, కలపకూడదు కూడా. అయితే కొందరు దాన్ని టైపు చేస్తారు, కొందరు చేయరు. అందువల్ల వెతుకులాట కోసం ఉంచుకునే నకలులో మాత్రమే దాన్ని తీసివేసి, అసలు పాఠాన్ని రాసినవారు రాసినట్లే ఉంచాలి.

చివరగా ‘తెలుగు’, ‘స్త్రీ’, ‘సాఫ్ట్‌వేర్’, రెండు రకాల ‘కై’లతో యూనిట్ టెస్టులు రాసి, రెజెక్స్‌ను నవీకరించిన ప్రతిసారీ వాటిని నడపండి. ‘తెలుగు’ను తిరగేస్తే ‘గులుతె’ రావాలి. ముందు విడిగా ఒక కొమ్ము వేలాడుతూ కనిపిస్తే, కోడ్‌లో ఎక్కడో ఇంకా సంకేతాలనే తిరగేస్తున్నట్లు.